వైన్‌కు ఊరూ పేరూ ఉంది.. మన కల్లుకేది?

ఏ మండల కేంద్రానికి పోయినా బస్టాండ్ దగ్గర్ల ఒక బోర్డు కనవడ్తది. ఫలానా వైన్స్. లోపల విస్కీ ఉంటది, బ్రాందీ ఉంటది, బీరు కాటన్లు సీలింగ్ దాకా పేర్చి ఉంటయి. వైన్ ఉన్నదా అని అడిగితే కౌంటర్ల ఉన్న పిలగాడు ఎగాదిగ చూస్తడు. ఉంటే గింటే ఓ మూలకు దుమ్ము పట్టిన రెండు సీసలుంటయి. పేరు ఒకదానిది, సరుకు ఇంకోదానిది. మన రాష్ట్రంల తాగుడు సంగతి మొత్తం ఈ బోర్డుల ఉన్నట్టే. ఏం తాగుతున్నమో పేరు పెట్టి చెప్పే అలవాటు మనకు పోయింది.

నాకైతే ఒక అలవాటు ఉన్నది. ఇంట్ల తాగినా, ఊరు పోయినప్పుడు తాగినా, దాని రుచి ఎట్లున్నదో ఒక నోట్‌బుక్కుల రాసి పెట్టుకుంట. తాగుమని చెప్పనీకె ఇది రాస్తలేను. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి మంచిదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లనే చెప్పింది. మన రాష్ట్రంల 21 ఏండ్లు నిండని వాళ్లకు అమ్ముడే నేరం. కానీ తాగేటోళ్లు ఎట్లైనా తాగుతున్నప్పుడు, ఏం తాగుతున్నరు, అది ఏడికెల్లి వచ్చింది, దాన్ల ఏమున్నది అని అడిగే హక్కు ఉండాలె కద. ఆ ముచ్చటే ఇది.

ముందుగాల నాసిక్ సంగతి. నిజామాబాద్ దిక్కోళ్లకు అది దూరమేం కాదు. సికింద్రాబాద్ల ఎక్కే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్ మీదికెల్లి నాసిక్ రోడ్ పోతది. నేను ఫిబ్రవరిల పోయిన. అక్కడ జనవరి నుంచి మార్చి దాకా వైన్ ద్రాక్ష కోత నడుస్తది. గంగాపూర్ డ్యాం దిక్కు తోటలు, వాటి మధ్యలనే వైన్ చేసే షెడ్లు. ఒక బల్ల దగ్గర నిలబెట్టి, గ్లాసుల రెండు గుక్కలంత పోసి, ముందు చూడమంటరు, తర్వాత గ్లాసు తిప్పి వాసన చూడమంటరు, ఆఖరికి నోట్లె పోసుకొమ్మంటరు. పక్కన ఒక బకెట్ ఉంటది. మింగుడు ఇష్టం లేకుంటే దాన్ల ఉమ్మెయ్యొచ్చు. తాగెటందుకు పోయినకాడ ఉమ్మేసుడేందని మనోళ్లకు నవ్వొస్తది. కానీ అక్కడి పని నిషా కాదు, రుచి.

షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ మూతి దగ్గర పెట్టుకుంటే పండిన జామపండు వాసన వచ్చింది. సావిన్యాన్ బ్లాంక్‌ల కోసిన పచ్చిగడ్డి, క్యాప్సికం వాసన. షిరాజ్ అనే ఎర్ర వైన్‌ల అల్లనేరేడు, వెనకనే మిరియాల ఘాటు. ఆ మిరియాల వాసన ఊహ కాదు. రోటుండోన్ అనే పదార్థం మిరియాలల్ల ఉంటది, షిరాజ్ ద్రాక్ష తోలుల గుడ ఉంటది. ఎర్ర వైన్ తాగినంక నాలుక గరుకుగ అయితది చూడు, దాన్ని టానిన్ అంటరు. మనకు దానికి ఎప్పటి నుంచో పేరుంది, వగరు. పచ్చి జామకాయ కొరికినోనికి టానిన్ అంటే ఏందో ఎవ్వరూ పాఠం చెప్పే పని లేదు.

ఇంటికి తెచ్చుకున్న సీసలు మన తిండితో పెట్టి చూసిన. నాటుకోడి కూరతో ఎర్ర వైన్ బాగుంటదని చానమంది చెప్తరు గని, నాకు కుదరలే. మన కారానికి వైన్ల వగరు, మంట రెండూ ఎక్కువ తెలుస్తయి. సల్లగ చేసిన, జర తీపి ఉన్న షెనిన్ సర్వపిండితో మంచిగ కుదిరింది. ఇంకో మాట, ఎర్ర వైన్ గది వేడిమిల ఉంచి తాగాలంటరు. అది యూరప్ గది సంగతి, 18 డిగ్రీల లోపే. మన ఎండాకాలం ఇంట్ల 38 ఉంటది. అర్ధగంట ఫ్రిజ్ల పెట్టకుంటే మందు వాసనే కొడ్తది.

ఇగ అసలు ముచ్చట. నాసిక్ల ఈ తోటలు తాతల నాటి నుంచి ఉన్నయా అంటే లేవు. అక్కడ తినే ద్రాక్ష ఉండె. వైన్ ద్రాక్ష 1990లల్ల గట్టిగ మొదలైంది. సులా తొలి సీస 2000ల బయటకొచ్చింది. 2001ల మహారాష్ట్ర సర్కారు ద్రాక్ష వైన్ కోసం ప్రత్యేక పాలసీ తెచ్చి సుంకాలల్ల రాయితీ ఇచ్చింది. ఇయ్యాల నాసిక్ వ్యాలీ వైన్‌కు జీఐ గుర్తింపు ఉంది. సీస మీద ఏ ద్రాక్ష, ఏ ఊరు, ఏ ఏడు, ఎంత శాతం ఆల్కహాల్ అన్నీ రాసి ఉంటయి. ముప్పై ఏండ్లు నిండకముందే ఒక సరుకు ఊరూ పేరూ సంపాయించుకున్నది.

ఇప్పుడు మన కల్లు కాడికి రండ్రి. కల్లును ఇంగ్లీషోళ్లు పామ్ వైన్ అంటరు. అంటే చెట్టు వైన్. ద్రాక్ష రసం పులియాలంటే దినాలు పడ్తది. తాటి నీళ్లు లొట్టిల పడ్డ కొన్ని గంటలల్లనే పులుస్తయి. గాలిల, లొట్టిల ఉన్న ఈస్టే ఆ పని చేస్తది. పులవకుంట లొట్టికి సున్నం పూస్తే అది నీరా. కల్లుల ఆల్కహాల్ మామూలుగ ఐదు శాతం అటీటు, వైన్ల 12 నుంచి 14, విస్కీల 42.8.

రుచి సంగతికొస్తే కల్లుకు ఉన్నన్ని తేడాలు ఏ సీసకు తక్కువ? పోద్దాడు కల్లు ఒక తీరు, పరుపుదాడు ఒక తీరు, ఎండలు ముదిరినంక పండుదాడు ఇంకో తీరు. ఈత కల్లు పల్సగ, చలికాలం పొద్దుగాల తాగితే కొబ్బరినీళ్ల లెక్క తియ్యగ, ఆఖరికి సన్న పులుపు. తాటి కల్లు చిక్కగ, పచ్చి ముంజ వాసన. చెరువు కింది చెట్టుకూ, చెల్క గట్టు మీది చెట్టుకూ రుచి ఒక్కటి కాదని మా దిక్కు గౌడన్నలు చెట్టు పేరు పెట్టి చెప్తరు. పొద్దటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు. మారేడుమిల్లి దిక్కు పోయినప్పుడు జీలుగు కల్లు తాగిన, బెల్లం పాకం వాసన, నోట్లె బరువుగ నిలవడ్తది. కేరళల కొబ్బరి కల్లు షాపుల కూసుంటే పక్కన కర్రపెండలం, చేపల పులుసు పెడ్తరు. ఆ పులుపు, ఈ పులుపు ఒకదానికొకటి తోడు.

వైన్ గురించి రాసిన పేజీ కంటే కల్లు గురించి రాసిన పేజీ నా నోట్‌బుక్కుల పెద్దగున్నది. మరి అదే కల్లు పట్నంల ఏమైంది?

2025 జూలైల హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి పానాలు పోయినయి. చానమంది ఆస్పత్రుల పడ్డరు. కల్లు నమూనాలల్ల అల్ప్రాజోలం దొరికిందని వార్తలొచ్చినయి. అది నిద్రకు, ఆందోళనకు డాక్టర్లు రాసే మందు. కల్లుల దాని పనేంది? డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు అంతకుముందు నుంచే ఉన్నయి. అలవాటైన మనిషికి ఒక్క దినం ఆ మందు కల్లు దొరకకుంటే చేతులు వణుకుతయి, ఫిట్స్ వస్తయి, పిచ్చి పిచ్చిగ మాట్లాడ్తడు. అది కల్లు తెచ్చిన రోగం కాదు, గోలీలు తెచ్చిన రోగం. సచ్చింది ఎవరంటే కూలి పనికి పోయేటోళ్లు, పొద్దంత కష్టం చేసి ఒక సీస తాగి పండుకునేటోళ్లు.

ఈ కల్తీ ఎట్ల నడుస్తదో లెక్క చూస్తే అర్థమైతది. కల్లు దూరం పోదు, నిలువ ఉండది. చెట్టు దినానికి ఇచ్చేది ఇంతేనని ఉంటది. వాన పడితే తక్కువ, కాలం దాటితే బంద్. పట్నంల గిరాకీ మాత్రం ఏడాది పొడుగూత ఒక్క తీరుగ కావాలె. చెట్లు లేనికాడ కల్లు ఏడికెల్లి రావాలె? కొంచెం కల్లు, మస్తు నీళ్లు, తీపికి శాక్రిన్, నిషాకు గోలీ. కొనేటోడు రుచి అడగకుంట నిషా ఎక్కిందా లేదా అనే చూస్తే, చెట్టెక్కే గౌడన్న మీద గోలీ కలిపేటోడే గెలుస్తడు. మోకు, ముత్తాదు కట్టుకొని పానం పణంగ పెట్టి ఎక్కేటోనికి పడేది ఎక్కువ ఖర్చు, గోలీ కలిపేటోనికి తక్కువ. గంతే లెక్క.

కల్తీ కల్లులనే ఉంటదని ఎవరన్న అంటే ఆస్ట్రియా సంగతి చెప్పుండ్రి. 1985ల ఆ దేశపు వైన్‌ల డైఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం దొరికింది. వైన్ తియ్యగ, చిక్కగ అనిపించాలని కలిపిండ్రు. వేరే దేశాలు కొనుడు బంద్ పెట్టినయి, ఎగుమతులు కుప్పకూలినయి. అప్పుడు ఆ సర్కారు ద్రాక్ష తోటలు నరకలే, వైన్ బంద్ చెయ్యలే. అదే ఏడాది గట్టి చట్టం తెచ్చింది. ఇయ్యాల అక్కడ నాణ్యమైన వైన్ అని అమ్మాలంటే ల్యాబ్‌ల పరీక్ష కావాలె, రుచి చూసే కమిటీ పాసు చెయ్యాలె, సీస మీద పరీక్ష నంబరు పడాలె. అంటే నాలుకకు గుడ చట్టంల జాగ ఇచ్చిండ్రు. పోయిన పరువు మళ్లీ తెచ్చుకున్నరు.

మన దగ్గర ఏం జేస్తరు? చావులు అయినప్పుడు దాడులు, నాలుగు దినాలు దుకాణాలు సీలు, కొందరి మీద కేసులు. తర్వాత మామూలే. ఉమ్మడి రాష్ట్రంల మూతబడ్డ పట్నం కల్లు దుకాణాలను తెలంగాణ వచ్చినంక తెరిచిండ్రు. కల్లు మన సంస్కృతి అన్నరు, బాగనే ఉంది. 2023ల హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ పెట్టిండ్రు, అదీ మంచిదే. కానీ బస్తీల సీసల పోసి అమ్మే కల్లు మీద ఏ చెట్టుది, ఏ సొసైటీది, ఎప్పుడు దింపింది అని రాసి ఉన్న కాయితం ముక్క నేను ఒక్కకాడ చూడలే.

అటు సర్కారు ధ్యాస ఏడున్నదో చూడుండ్రి. 2025ల 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచిండ్రు. ఒక్క దరఖాస్తు ఫీజు 3 లక్షలు, లాటరీల దుకాణం రాకున్నా వాపస్ రాదు. 95 వేలకు పైగ దరఖాస్తులొచ్చినయి. ఒక్క సీస అమ్మకముందే 2,800 కోట్లకు పైగ ఖజానాల పడ్డయి. ఇంత పైసలొచ్చే శాఖకు ఒక్కో జిల్లాకు ఒక కల్లు పరీక్ష ల్యాబ్ పెట్టుడు పెద్ద బరువా?

నేను అడిగేది పెద్దగ ఏం లేదు. ఒకటి, దుకాణంల ప్రతి దినం కల్లు ఏ ఊరి మండువ నుంచి వచ్చింది, ఎన్ని లీటర్లు, ఎప్పుడు దింపిండ్రు అనేది బోర్డు మీద రాయాలె. ఒక సొసైటీకి వంద చెట్లుంటే వెయ్యి చెట్ల కల్లు ఎట్ల అమ్ముతున్నదో అప్పుడు ఎవ్వడైనా లెక్క గట్టొచ్చు. రెండు, అల్ప్రాజోలం దుకాణం కాడ్నే పట్టే టెస్టులు కావాలె. ఎందుకంటే గోలీని నాలుక పట్టలేదు. మూడు, చెరువు కట్టల మీద, వాగుల పొంట తాటి, ఈత చెట్లు పెట్టి, వాటిని గౌడన్నల సొసైటీలకు రాసియ్యాలె. తాటి చెట్టు కల్లుకు రావాలంటే పదేండ్లు దాటుతది. ఇయ్యాల పెడితేనే మీ పిల్లల కాలానికి అందుతది.

ఇగ మీరు చెయ్యగలిగింది గుడ ఉన్నది తమ్మీ. ఫోన్ల రీల్స్ చూసి ఏ దేశం వైన్ల ఏ వాసన ఉంటదో చెప్పే పిలగాండ్లను నేను చూసిన. తప్పేం లేదు, తెలుసుకోవాలె. అదే నోటితోని మీ ఊరి మండువల గౌడన్నను అడుగుండ్రి. ఇది ఏ చెట్టుది? పొద్దటిదా, మాపటిదా? పొద్దుగాల దింపిన కల్లు పొద్దూకే సరికి పులవాలె. పులవకుంట సాయంత్రం గుడ తియ్యగనే ఉన్నదంటే, తాగినంక నాలుక మీద చేదు నిలవడ్తున్నదంటే, రెండు గ్లాసులకే మనిషి సోయి తప్పుతున్నదంటే అక్కడ ఆగుండ్రి, పది మందికి చెప్పుండ్రి. పట్నంల కూలికి పోయే మీ అన్నకు, బాపుకు ఫోన్ చేసి గీ మాట చెప్పుండ్రి.

రుచి మీద మాట్లాడుడు ఉన్నోళ్ల సోకు అని కొందరంటరు. నాసిక్ బల్ల కాడ అది సోకే కావొచ్చు. కూకట్‌పల్లి బస్తీల అది పానం సంగతి.