అదే బల్ల మీద ఉన్న బ్యాకప్

డర్బన్ చుట్టుపక్కల చిన్న దుకాణాల్లో "మీ లెక్కలకు బ్యాకప్ ఉందా?" అని అడగండి. "ఉంది" అంటారు. ఎక్కడ అంటే కంప్యూటర్ పక్కనే ఉన్న చిన్న నల్ల డబ్బా చూపిస్తారు. దాని కేబుల్ పగలూ రాత్రీ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది. అది బ్యాకప్ కాదు. అది రెండో హార్డ్‌డిస్క్, అంతే.

నేను ఇలాంటి దుకాణాలకు జీతాల లెక్కలు, పన్ను లెక్కలు రాస్తాను. అందుకే నాకు ఈ విషయంలో ఓపిక తక్కువ.

2021 జూలైలో క్వాజులు-నాటాల్‌లో ఏం జరిగిందో మన ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. దోచుకునేవాడు కంప్యూటర్ పట్టుకుపోయి డ్రైవ్‌ను మర్యాదగా వదిలి వెళ్లడు. నిప్పు కూడా ఒకదాన్ని కాల్చి పక్కదాన్ని వదలదు. తొమ్మిది నెలలకే, 2022 ఏప్రిల్‌లో, వరద వచ్చింది. నీళ్లు బల్ల ఎక్కితే బల్ల మీద ఉన్నవన్నీ తడుస్తాయి. ఇన్ని చూశాక కూడా ఆ డబ్బా అక్కడే ఉంది! ఇనుప షట్టర్లకు, కెమెరాలకు, ఇన్వర్టర్‌కు డబ్బు దొరికింది. ఇంకో డ్రైవ్ కొనమంటే మాత్రం "వచ్చే నెల చూద్దాం".

తెలుగు నేర్చుకునేవాళ్లకు ఇక్కడ ఒక మాట. నకలు అంటే కాపీ. నకిలీ అంటే దొంగది, ఉత్తుత్తిది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఆ నల్ల డబ్బాలో ఉన్నది నకలా, నకిలీయా అన్నది ప్రమాదం వచ్చిన రోజే తెలుస్తుంది.

కొంతమంది పెద్దవాళ్లు "మా తాతల కాలంలో పుస్తకం ఒక్కటే ఉండేది, దానికి ఏ బ్యాకప్ ఉంది?" అని వాదిస్తారు. తప్పు. పాత వ్యాపారుల పద్ధతిలో పుస్తకాలు రెండు. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు రాసేది చిట్టా. అవే లావాదేవీలను ఎవరి పేరు కింద వాళ్లకు విడదీసి రాసేది ఆవర్జా. అంటే ప్రతి పద్దూ రెండుసార్లు పడేది. ఒక పుస్తకం పోయినా రెండోదాన్ని బట్టి చాలావరకు మళ్లీ రాయొచ్చు. కంప్యూటర్ కొన్న మనం వాళ్లకంటే వెనక్కి వెళ్లాం.

"మాది క్లౌడ్‌లో ఉంది" అనేవాళ్లు ఇంకో రకం. ఉంటే మంచిదే. కానీ చాలామంది దగ్గర ఉన్నది ఒక సింక్ ఫోల్డర్. ఇక్కడ ఫైల్ చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. ఇక్కడ రాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేస్తే, తాళం వేసిన ఫైళ్లే పైకి వెళ్తాయి. వన్‌డ్రైవ్ సొంత ఖాతాలో చెరిపేసిన ఫైల్ చెత్తబుట్టలో ఉండేది 30 రోజులు. మార్చిలో పోయిన ఫైల్ కోసం జూన్‌లో వెతికితే ఏముంటుంది?

ఇది చదువులేనివాళ్ల సమస్య అనుకోకండి. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. డేటా కాపాడడానికి అయిదు ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు. తీరా చూస్తే ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ ఉండబట్టి బయటపడ్డారు. ఆ మధ్యలో చేరిన సమాచారం పోయింది. వాళ్ల దగ్గర ఏర్పాట్లు లేక కాదు, తెరిచి చూసినవాళ్లు లేక.

పోయేది ఏమిటో కూడా చెప్పాలి. ఈ దేశంలో పన్ను కాగితాలు అయిదేళ్లు, ఉద్యోగుల పని గంటలు, జీతాల రికార్డులు మూడేళ్లు ఉంచాలి. చట్టం సంగతి అటుంచండి. ఆ ఫైల్‌లో గల్లా దగ్గర నిలబడే అమ్మాయి ఓవర్‌టైమ్ ఉంది. ఆమె దగ్గర వేరే కాగితం లేదు. ఫైల్ పోతే యజమాని మాటే లెక్క.

ఇక మన సంగతి. ఇది చదివేవాళ్లలో చాలామంది ఇంట్లో ఆ "కంప్యూటర్ చూసుకునే" అబ్బాయో అమ్మాయో అయ్యుంటారు. "మావాడు చూసుకుంటాడు" అని నాన్న అందరికీ చెబుతాడు. డబ్బు ఇవ్వడు, సమయం ఇవ్వడు, పోయిన రోజు మాత్రం నిన్నే అడుగుతాడు. ఆ బిరుదు ఊరికే తీసుకోకండి.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. రెండు డ్రైవ్‌లు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకటి ఇంటికి వెళ్తుంది, ఇంట్లోది దుకాణానికి వస్తుంది. కాపీ అవగానే కేబుల్ తీసేయాలి. ఇల్లు దుకాణం మేడ మీదే అయితే డ్రైవ్‌ను వేరే పేటలో ఉన్న అత్తయ్య ఇంట్లో పెట్టండి. పనివాళ్ల ఐడీ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అందులో ఉంటాయి కాబట్టి పాస్‌వర్డ్ తప్పనిసరి. ఆ పాస్‌వర్డ్ మీ ఒక్కరి తలలోనే ఉండకూడదు, అమ్మకూ తెలియాలి.

నెలకోసారి ఆ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, పోయిన నెల జీతాల పట్టీ తెరవమని నాన్నకే చెప్పండి. మీరు మౌస్ ముట్టుకోకండి.