హెడ్ గ్యాస్కెట్టూ, మన బగ్ ఫిక్సులూ

పోయిన మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఊరు హాలహర్వి వెళ్ళాను. బళ్ళారిలో దిగి బస్సెక్కి, ఆ ఎండకి సగం ఉడికి ఇంటికి చేరేసరికి మా చిన్నాయన కొడుకు పికప్ బండి బానెట్ ఎత్తి వాకిట్లో నిలబడి ఉంది. వాడు దాని పక్కనే నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, మళ్ళా నీళ్ళు తాగుతాంది. ఎనిమిది నెల్ల కిందటే హెడ్డు గ్యాస్కెట్టు మార్పిచ్చినా. పద్దెనిమిది వేలు పాయె."

అది సెకండ్ హ్యాండులో, అప్పు మీద కొన్న డీజిల్ బండి. సీజన్లో ఆదోని మార్కెట్ యార్డుకి పత్తి, మిగతా రోజుల్లో ఉల్లిగడ్డలు, ఎరువుల బస్తాలు. బండి తిరిగితేనే కంతు, కంతు కడితేనే బండి. ఇంకో ఇరవై వేలంటే గేదెను అమ్మాల్సిందేనని చిన్నమ్మ అప్పటికే లోపల గొణుగుతోంది.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ప్రెషర్ కుక్కర్ మూతకి రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది కదా, ఇదీ అలాంటి పనే చేస్తుంది. కాకపోతే ఇక్కడ మూడింటిని విడివిడిగా ఉంచాలి: సిలిండర్లో మండే గ్యాసు, చుట్టూ తిరిగే నీళ్ళు, ఇంజన్ ఆయిలు. కింద బ్లాకు, పైన హెడ్డు, మధ్యలో ఈ పల్చటి రేకు. ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి లక్షణం మారిపోతుంది. నీళ్ళు ఆయిల్లో కలిస్తే డిప్‌స్టిక్ మీద పాలటీ రంగు. నీళ్ళు సిలిండర్లోకి పోతే వెనక తెల్లపొగ. గ్యాసు నీళ్ళలోకి పోతే రేడియేటర్లో బుడగలు.

నేను ఊరుకుంటానా? డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిలు శుభ్రంగా ఉంది. "గ్యాస్కెట్ బానే ఉందిరా, ఇంకేదో" అని తీర్పు చెప్పేశాను. పన్నెండేళ్ళ డీబగ్గింగ్ అనుభవం మరి!

మర్నాడు బండిని ట్రాక్టరుకి కట్టి, ఆలూరు మీదుగా మెల్లగా ఆదోని తీసుకెళ్ళాం. నడుపుకుంటూ పోదామన్నాడు గానీ వద్దన్నాను. వేడెక్కిన ఇంజన్ని ఇంకో పది కిలోమీటర్లు లాగితే గ్యాస్కెట్‌తో పోయేది హెడ్డు దాకా వస్తుంది. ఆ ఒక్కటీ నేను కరెక్టుగా చెప్పింది.

ఆదోనిలో మెకానిక్ పెద్దాయన నా తీర్పు విని నవ్వాడు. "ఆయిలు బాగుంటే గ్యాస్కెట్టు బాగున్నెట్టు కాదు సార్. గ్యాసు నీళ్ళలోకి పోతాంటే ఆయిలుకేం తెలుస్తాది?" అన్నాడు. తర్వాత ఆయన చేసిన పని చూసి నాకు సిగ్గేసింది.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీశాడు. ఆ మూత లోపల ఇంచుమించు 15 పియస్ఐ ఒత్తిడి నిలుపుతుంది కాబట్టి నీళ్ళు 120 డిగ్రీల దాకా మరక్కుండా ఉంటాయి. వేడి మీద మూత తిప్పితే అవి ఒక్కసారిగా ఆవిరై మొహాన పడతాయి. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి.

మూత స్థానంలో చేతి పంపు బిగించి ఒత్తిడి ఎక్కించాడు. పావుగంటలో ముల్లు కాస్త దిగింది, బయట మాత్రం ఒక్క చుక్క లేదు. అంటే కారుతున్నది లోపలే. ఇంజన్ స్టార్ట్ చేయగానే, ఇంకా వేడెక్కకముందే, ముల్లు పైకి ఎగిరింది. చల్లటి నీళ్ళకి అంత తొందరగా ఒత్తిడి రాదు, అది సిలిండర్ గ్యాసు. వెంటనే ఆపేశాడు. (నీలం మందుతో ఇంకో పరీక్ష ఉంది. రేడియేటర్ పైనుండే గాలిని అందులోంచి లాగితే, మండిన గ్యాసు ఉన్నప్పుడు రంగు ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది.) చివరికి కంప్రెషన్ చూశాడు. ఒకటీ, నాలుగూ నాలుగు వందల పియస్ఐ దగ్గర. రెండూ, మూడూ మూడొందలు. పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోయాయంటే అనుమానం ఆ రెండింటి మధ్యనున్న గ్యాస్కెట్ మీదే.

ఒక్క బోల్టు విప్పకుండా తప్పు ఎక్కడుందో చెప్పేశాడు. మనం లాగ్ చదవకుండా సర్వర్ రీస్టార్ట్ చేస్తాం.

హెడ్డు దించాక అసలు కథ బయటపడింది. దాని మీద ఉక్కు బద్ద పెట్టి, ఫీలర్ గేజి దూర్చి చూస్తే మధ్యలో 0.2 మిల్లీమీటర్ల వంపు. ఒక్కో ఇంజనుకి ఒక్కో లెక్క ఉంటుంది గానీ మామూలుగా 0.1 కూడా ఎక్కువే. పోయినసారి చేసినవాళ్ళు గరుకు కాగితంతో రుద్ది కొత్త రేకు వేసి, పాత బోల్టులే బిగించేశారు. సాగేలా చేసిన బోల్టులవి, ఒకసారి సాగాక మళ్ళీ అంత పట్టు ఇవ్వవు. థర్మోస్టాట్ పీకి పారేశారు. రేడియేటర్ గొట్టాల నిండా తెల్లటి పొక్కు. మా వైపు బోరు నీళ్ళు ఎట్లుంటాయో తెలిసిందే కదా, బిందెకి పట్టే ఉప్పే రేడియేటర్‌కీ పడుతుంది. మావోడు రెండేళ్ళుగా ఆ నీళ్ళే పోస్తున్నాడు.

అంటే గ్యాస్కెట్ పోవడం జబ్బు కాదు, లక్షణం. రేడియేటర్ మూసుకుపోయి ఇంజన్ వేడెక్కింది, వేడికి హెడ్డు వంగింది, వంగిన హెడ్డు కింద కొత్త గ్యాస్కెట్ ఎనిమిది నెలలు ఓర్చుకుంది. అంతే!

థర్మోస్టాట్ పీకడం చూస్తే నాకు మన ఆఫీసులే గుర్తొచ్చాయి. అలర్ట్ ఎక్కువ మోగుతోందా, అలర్ట్ తీసెయ్. ఎక్సెప్షన్ వస్తోందా, ఖాళీ క్యాచ్ బ్లాకులో పెట్టెయ్. థర్మోస్టాట్ లేకపోతే కొన్ని ఇంజన్లలో నీళ్ళు కొంత రేడియేటర్ వైపు పోకుండా అడ్డదారినే తిరుగుతాయి, ఉన్న వేడి ఇంకా పెరుగుతుంది. మన క్యాచ్ బ్లాకులూ అంతే.

తప్పంతా ఆ మొదటి మెకానిక్‌దే అనడానికి నాకు నోరు రావడం లేదు. నిలదీసి అడిగితే మావోడే ఒప్పుకున్నాడు, "రేపు లోడుంది, తక్కువలో తొందరగా చేసీ" అన్నానని. శుక్రవారం రిలీజ్ అని మనకి క్లయింటు చెప్పేదీ, మనం తల ఊపేదీ ఇంతకంటే వేరా? తేడా ఒక్కటే. మన బగ్ మళ్ళీ తెరుచుకుంటే ఇంకో టికెట్, జీతం ఆగదు. వాడికి తెరుచుకుంటే గేదె పోతుంది.

ఈసారి హెడ్డు ఫేసింగ్ చేయించి, పగుళ్ళు చూయించి, కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు వేశారు. బోల్టు గుంతల్లో నీళ్ళు, ఆయిలు లేకుండా తుడిచి, మధ్యలోంచి బయటికి విడతలవారీగా టార్క్ రెంచితో బిగించారు. రేడియేటర్, థర్మోస్టాట్, కూలెంట్, ఆయిలు కలిపి ముప్పై ఒక్క వేలు. సగం నేనిచ్చాను. గేదె ఇంట్లోనే ఉంది.

నా అభిప్రాయం ఒక్కటే. మీ బండికి గానీ, నాన్నగారి ట్రాక్టర్‌కి గానీ "గ్యాస్కెట్ పోయింది" అని ఎవరన్నా చెబితే డబ్బులిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ పరీక్ష చేసి చెబుతున్నారు? హెడ్డు వంపు కొలుస్తారా? అసలు ఎందుకు వేడెక్కింది? మూడోదానికి జవాబు లేకపోతే ఆ రిపేరు ఇంకా మొదలుకానట్టే. నేను ఆఫీసుకి వచ్చిన సోమవారమే, పోయిన నెల "ఫిక్స్‌డ్" అని మూసేసిన టికెట్లలో రెండింటిని నేనే మళ్ళీ తెరిచాను. మా మేనేజర్‌కి నచ్చలేదు లెండి.

మీకెవరికైనా ఇలా రెండుసార్లు చేయించుకున్న రిపేరు ఉందా? బండిదైనా సరే, కోడుదైనా సరే.