మధురానగర్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా నడిచే క్రెష్ కావాలి



టైపు పరీక్ష పాసైన ఆడపిల్లకు ఒకప్పుడు ఆఫీసులో కుర్చీ దొరికింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఇంకొందరికి జీతమిచ్చింది. 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి అమ్మాయిలు అమీర్‌పేట బాట పట్టారు. అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో లేడీస్ హాస్టళ్లు వెలిశాయి. 2019 మార్చిలో హైటెక్ సిటీకి మెట్రో నడిచింది. మన మధురానగర్ స్టేషన్‌కు మహిళల కోసమని ‘తరుణి’ అని పేరు కూడా పెట్టారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఛార్జీ లేదు.

ఇన్ని వచ్చినా, బిడ్డను చూసుకునే అమ్మో అత్తో ఇంట్లో లేకపోతే ఉద్యోగం మానుకునేది తల్లే.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు పసిపిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. మంచి చట్టమే. కానీ మన ఆడవాళ్లలో ఎంతోమంది పనిచేసేది బట్టల షాపు కౌంటర్లో, ల్యాబుల్లో, బ్యూటీ పార్లర్లలో, కోచింగ్ సెంటర్ రిసెప్షన్లో, హాస్టల్ వంటగదిలో. అక్కడ యాభై మంది ఎక్కడ ఉంటారు? నాలుగిళ్లలో పనిచేసే అక్కకైతే యజమానులే నలుగురు. ఇంటి నుంచే పని చేసుకోవచ్చు కదా అంటారు. బిడ్డ ఒళ్లో ఏడుస్తుండగా మీటింగులో మాట్లాడటమంటే రెండు పనులు, జీతం ఒక్కదానికే.

అందుకే క్రెష్ కంపెనీకొకటి అని కాదు, బస్తీకొకటి ఉండాలి అంటున్నాం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీతో కలిపి క్రెష్ నడిపే ‘పాల్నా’ పథకం కేంద్రానిది ఉంది. అంగన్‌వాడీలను చూసే మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయం మనకు కూతవేటు దూరంలోనే ఉంది. మెట్రో స్టేషన్‌కు నడిచిపోయేంత దగ్గర్లో క్రెష్‌కు చోటివ్వాలి. షాపులు మూసే వేళకు ముందే క్రెష్ మూసేస్తే ప్రయోజనం లేదు కాబట్టే రాత్రి తొమ్మిదిన్నర దాకా అడుగుతున్నాం. అందులో పనిచేసే ఆయాలూ ఉద్యోగినులే. వాళ్లకు గౌరవ వేతనం కాదు, సరైన జీతం ఇవ్వాలి.

ఈ కోరికతో శాఖకు ఇచ్చే వినతిపత్రం మీ ఇంటికి వస్తుంది. సంతకం చేయండి. తండ్రులు ముందుగా చేయండి.