బ్యాంకాక్ టికెట్ చూసి రాజీనామా పెట్టొద్దు

హైదరాబాద్‌లో కంపెనీ కొలువు చేస్తూ, పని పెద్దగా లేక, జీతం నత్తనడకన పెరుగుతుంటే విసిగిపోయిన మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు ఈ హెచ్చరిక. వాళ్లకంటే ముందు వాళ్ల అమ్మానాన్నలకు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చిన విదేశీ ఉద్యోగం కబురు నమ్మి రాజీనామా పెట్టొద్దు.

ఏజెంటు మోసం మన ఇలాకాకు కొత్త కాదు. ఎక్కడైనా పనిచేసుకోవచ్చనే 'ఆజాద్ వీసా' అని నమ్మించి దుబాయికో మస్కట్‌కో పంపి నడిరోడ్డున వదిలేసిన సంగతులు ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. అప్పట్లో దొరికిపోయింది బోర్లు ఎండిన రైతు, సాంచాలు ఆగిన నేత కార్మికుడు. ఇప్పుడు వెతుకుతున్నది ఇంగ్లిష్ వచ్చి, కంప్యూటర్ ముందు రోజంతా కూర్చోగల డిగ్రీ పిల్లల్ని. థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలంటూ ఐటీ తెలిసిన యువతను రప్పించి, మయన్మార్‌లోకి దాటించి బందీలను చేస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. ఇలాగే ఉద్యోగం పేరుతో కంబోడియాకు పంపిన కేసులో 2024లో సిరిసిల్ల పోలీసులు పట్టుకున్న ఏజెంటు మన జగిత్యాల జిల్లావాడే. 2025 మార్చిలో థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాలు ఇలాంటి మోసాల కేంద్రాల నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను రెండు రోజుల్లో తీసుకొచ్చాయి.

వ్యవహారం ఇలా నడుస్తుంది. ఫోన్‌లోనే ఇంటర్వ్యూ, చిన్న టైపింగ్ పరీక్ష, డాలర్లలో జీతం. పోయేది టూరిస్టుగా. వర్క్ పర్మిట్ అక్కడికొచ్చాక ఇస్తామంటారు. బ్యాంకాక్‌లో దిగగానే కారెక్కించి గంటల తరబడి తీసుకుపోతారు. మోయి నది దాటితే మయవాడి, అది మయన్మార్. పాస్‌పోర్టు గుంజుకుంటారు. ఆడపిల్లల ఫొటోలతో దొంగ ఖాతాలు తెరిచి, మాటలు కలిపి, జనాన్ని ఉత్తుత్తి పెట్టుబడుల్లోకి దింపాలి. కాదంటే దెబ్బలు, వదిలిపెట్టాలంటే లక్షలు. కరీంనగర్‌లో ఎవరో రిటైరైన టీచరు ఖాతా ఖాళీ చేసే తెలుగు గొంతు ఇలా చిక్కుకున్న మనూరి పిల్లగాడిదే కావచ్చు.

ఇందులో రాజీనామాకు పెద్ద పాత్ర ఉంది. 'పది రోజుల్లో చేరాలి, నోటీస్ పీరియడ్ వదిలెయ్' అంటాడు ఏజెంటు. ఆ తొందరంతా వెనక్కి దారి లేకుండా చెయ్యడానికే. నోటీసు ఇవ్వకుండా పోతే రిలీవింగ్ లెటర్ కష్టం, పైగా ఆ రోజుల జీతం కంపెనీకే కట్టాల్సి రావచ్చు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది. పర్మినెంటు ఉద్యోగికి గ్రాట్యుటీకీ ఆ అయిదేళ్లే లెక్క. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆఖరి పనిదినంతో ఆగిపోతే, బీడీలు చుట్టి చదివించిన అమ్మ ఆపరేషన్‌కు అప్పు తేవాల్సిందే.

ఉన్నచోటే ఉండిపొమ్మని మేం అనడం లేదు. ఒకే సపోర్ట్ ప్రాజెక్టులో ఏళ్లు గడిపితే చేతిలో పని మొద్దుబారుతుంది, బయట అడిగేవాళ్లు తగ్గుతారు. అది నిజమైన నష్టమే. మారండి. కానీ విసుగు పది రోజుల్లో తీర్చుకోవాల్సిన ఆపద కాదు. ఇంకో కొలువు ఖాయమయ్యేదాకా ఈ కుర్చీలోనే కూర్చుని వెతకొచ్చు. ఖాళీ సమయం ఎలాగూ ఉంది.

ఒక సంగతి చాలామందికి తెలియదు. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు మామూలుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అంటే మీ ఆఫర్ లెటర్‌ను దేశం దాటేలోపు ఏ అధికారీ చదవకపోవచ్చు. చదవాల్సింది మీరే. ఏజెంటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నాయో లేదో చూడండి. చట్టప్రకారం అతను తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి అడిగాడంటే అక్కడే ఆగండి. విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లోనే ఉంది, పోయి అడగండి. ఆ కంపెనీ ఉందో లేదో ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి మెయిల్ పెట్టి కనుక్కోండి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టి, టికెట్ చేతిలో పట్టుకున్నవాళ్లు ఇవేవీ తేలకపోతే విమానం ఎక్కొద్దు. ఆ డబ్బు పోతే పోనివ్వండి. రాజీనామా మెయిల్ పంపి ఉంటే ఇవాళే మేనేజర్‌కు ఫోన్ చేసి వెనక్కి తీసుకుంటామని అడగండి. నోటీసు రోజులు నడుస్తుండగా ఒప్పుకునే కంపెనీలు ఉన్నాయి. పిల్లలు అప్పటికే పోయి, ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడుతుంటే, పరువు పోతుందని దాచకుండా పాస్‌పోర్టు జిరాక్సు, ఏజెంటు నంబరు, డబ్బు పంపిన రసీదులు పట్టుకుని ఈ పూటే పోలీస్ స్టేషన్‌కు పోండి.