అంచనాను చెరపకండి!

సంక్రాంతి ముందు శ్రీకాకుళం, విజయనగరం వైపు సంతల్లో గుమ్మడికాయల గుట్టలు మీరు చూసే ఉంటారు. పండుగ దప్పళంలో గుమ్మడి ముక్క పడాలి కదా! ఈసారి ఒక గుట్ట దగ్గర కాసేపు నిలబడండి. ఒక్కోసారి పెద్ద కాయ కాటా దాకా వెళ్ళదు. కొనేవాడు చేతుల్లోకి తీసుకుని, "ఆరు కిలోలుంటుంది" అంటాడు. పండించిన రైతు తల ఊపుతాడు. అది నిజానికి తొమ్మిది కిలోలైతే? మూడు కిలోల డబ్బు రైతుకు పోయినట్లే.

కన్ను ఎందుకు పొరబడుతుంది? అది వెడల్పును చూస్తుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. 60 సెంటీమీటర్ల చుట్టుకొలత గల కాయ పక్కన 90 సెంటీమీటర్ల కాయను పెడితే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనబడుతుంది. రెండింటి ఆకారం ఒకటే అయితే బరువు మాత్రం 1.5 × 1.5 × 1.5, అంటే దాదాపు 3.4 రెట్లు!

ఈ లెక్క మీరే కట్టవచ్చు. కాయ నడుము చుట్టూ పురికొస చుట్టి, దాన్ని స్కేలుతో కొలవండి. వచ్చిన సెంటీమీటర్లను ఘనం చేసి 60తో భాగించండి. గోళం ఘనపరిమాణం ఇంచుమించుగా వస్తుంది. 90కి 12,150 ఘన సెంటీమీటర్లు. అదంతా నీరే అయితే 12 కిలోల పైచిలుకు. కాని గుమ్మడికాయను చెరువులో వేస్తే తేలుతుంది! లోపల బోలు. పైగా మన కాయలు చాలావరకు అదిమినట్టు ఉంటాయి, పూర్తి గోళాలు కావు. కాబట్టి అసలు బరువు తక్కువే. ఎంత తక్కువో కాటాయే చెప్పాలి.

రాక్షస గుమ్మడికాయలు పెంచేవారికీ ఇదే చిక్కు. 2023లో అమెరికాలోని హాఫ్ మూన్ బేలో ఒక కాయ 1,247 కిలోలు తూగింది. (మన పాదుల మీద సాధారణంగా కాసే జాతి కాదు లెండి, అది కుకుర్బిటా మాక్సిమా.) అంతటి కాయను తోటలో రోజూ తూచలేరు. అందుకని టేపుతో మూడు కొలతలు తీస్తారు: చుట్టూ ఒకటి, పైనుంచి పొడవునా ఒకటి, అడ్డంగా ఒకటి. మూడూ కూడి, పట్టికలో బరువు చూస్తారు. అంతకుముందు తూచిన కాయల లెక్కలతో తయారైనదే ఆ పట్టిక. అయినా పోటీ రోజున తేడా వస్తుంది. కండ మందంగా ఉన్న కాయ పట్టికను మించుతుంది, పలచనిది తగ్గుతుంది. పట్టిక కన్నా ఇంత శాతం ఎక్కువ, ఇంత శాతం తక్కువ అని ఆ తేడాను బాహాటంగా చెప్పుకుంటారు.

మరి మీరు? ప్రయోగం నోటుబుక్కులో అంచనా తప్పితే రబ్బరుతో చెరిపి, కాటా చూపిన అంకెనే అక్కడ రాసేవారు మీలో ఎంతమంది? నా ఫిర్యాదు అదే. చెరిపినది తప్పు కాదు, ఆ ప్రయోగంలో పనికొచ్చే సగం.

మీ లెక్క 12 కిలోలు, కాటా 9 కిలోల 600 గ్రాములు అనుకుందాం. తేడా 2 కిలోల 400 గ్రాములు, అసలు బరువులో 25 శాతం. దాన్ని సిరాతో రాయండి. పది కాయలు అలాగే తూచండి. ప్రతిసారీ అంచనా ఇంచుమించు అంతే ఎక్కువ వస్తుంటే, 60 బదులు 75తో భాగించి చూడండి. ఆ అంకె మీ ఊరి కాయలకు మీరు కనుక్కున్నది. వచ్చే సంతకు మీ నాన్నగారితో వెళ్ళేటప్పుడు పురికొస జేబులో వేసుకోండి.