గాలిలో తిరిగొచ్చిన చందా పైసలకు మా లెక్క

మహద్ పోయి వచ్చిన మూడో రోజు రాత్రి వాడలో అందరం కూర్చున్నాం. ఖర్చుల కాగితం చదువుతుంటే "రోప్‌వే టికెట్లు – ఆరు" అన్న దగ్గర ఒక పెద్దనాయన ఆపిండు. "ఏమ్రా పిలగాండ్లు! బాబాసాహెబ్ తాగిన చెరువు చూసొస్తరని చందా ఇస్తిమి. మా పైసలతోని గాలిలో తిరిగొచ్చిండ్రా?" అన్నడు. కొందరు నవ్వారు. మేం నవ్వలేదు. అడిగిన మాటలో న్యాయం ఉంది. అది కూలి పైస. ఎవరి ఇంటి పైసా కాదు. ఆ రాత్రి చెప్పిన జవాబునే ఇక్కడ రాస్తున్నాం. రేపు ఇంకో వాడ నుంచి ఇంకో జట్టు పోతుంది. వాళ్ళనూ ఇదే అడుగుతారు.

ముందు చెరువు సంగతి. మేం పద్నాలుగు మందిమి పుణె దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో మార్చి 20 నాటికి మహద్ చేరుకున్నాం. 1927లో అదే రోజున అంబేడ్కర్ వేల మందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. అంతకు ముందే 1924లో అక్కడి మునిసిపాలిటీ ఆ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. కాగితం మీద అందరిదే. దోసిట్లోకి మాత్రం రానివ్వలేదు. తాగి వచ్చినందుకు మనవాళ్ళ తలలు పగలగొట్టారు. తర్వాత 108 కుండల ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు పోసి చెరువును "శుద్ధి" చేసుకున్నారు. ఆ ఏడాదే డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టింది కూడా మహద్‌లోనే. చెరువు కేసు పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనవైపు తేలింది.

డిసెంబరు సభ ముగిశాక అంబేడ్కర్ తన వాళ్ళతో కలిసి రాయగఢ్ కోట చూడబోయారు. మహద్‌కు దాదాపు 25 కిలోమీటర్లు. శివాజీ రాజధాని. అందుకే మేమూ పోయాం. షికారు కోసం కాదు. బాబాసాహెబ్ పోయిన తోవ అది.

ఆ కొండకు పదిహేడు వందల పైచిలుకు మెట్లున్నాయని చెప్తారు. గట్టివాళ్ళకే రెండు గంటల పని. 1996లో కింద హిరకణివాడి దగ్గర నుంచి రోప్‌వే పెట్టారు. దాదాపు 750 మీటర్ల తీగ. తీగకు వేలాడే డబ్బాల్లో నాలుగైదు నిమిషాల్లో పైకి తేలుతాం. కింద పార్కింగు, టికెట్ కిటికీ, హోటలు. పోను రాను టికెట్టు మాకు దాదాపు ఒక రోజు కూలి పడింది.

అక్కడే మాలో మాకు పేచీ మొదలైంది. "బాబాసాహెబ్ నడిచి ఎక్కిండు, మనం డబ్బాల పోవుడేంది?" అన్నాడు ఒక తమ్ముడు. ఇంకొకరు "అవ్వలను కిందనే కూసోబెట్టి మనం ఎక్కొస్తే సరిపాయె" అన్నారు. అప్పుడు మా పెద్దవ్వ, నలభై ఏళ్ళు వంగి నాట్లేసి మోకాళ్ళు అరిగిన మనిషి, ఒక్కటే మాట అన్నది. "ఊర్ల గుడి బయట కూసున్న, బడి బయట కూసున్న. ఇంత దూరమొచ్చి కొండ కింద గూడ కూసుంటనా బిడ్డా?"

ఆ మాటకు జవాబు లేదు. ముగ్గురు అవ్వలు, ఉబ్బసం ఉన్న ఒక చిన్నాయన, వాళ్ళకు తోడు ఇద్దరం, మొత్తం ఆరుగురం డబ్బా ఎక్కాం. మిగతా ఎనిమిది మంది మెట్లు ఎక్కారు. ఇదీ ఆరు టికెట్ల లెక్క.

డబ్బాలో ఏం చూశాం? పుణె నుంచి వచ్చిన ఒక కుటుంబం, మేం, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చున్నాం. మీరేమిట్లు అని ఎవరూ అడగలేదు. తలుపు మూస్తే ఎవరూ దిగిపోలేరు. పైకెళ్ళాక మంచినీళ్ళు అడిగితే అందరికీ ఇచ్చిన స్టీలు గ్లాసే మాకూ ఇచ్చారు. పెద్దవ్వ ఆ గ్లాసును తిప్పి తిప్పి చూసింది. "మా ఊరి హోటల్ల మా గ్లాసు చూరుల గుచ్చి ఉండేది, మేమే కడిగి మళ్ళ అండ్లనే పెట్టాలె" అన్నది. ఇది పాత కథ అనుకునేవాళ్ళకు కారంచేడు గుర్తుచేస్తున్నాం. 1985 జూలైలో మన తాగునీటి చెరువును మురికి చెయ్యొద్దన్నందుకే గొడవ పుట్టింది, ఆరుగురిని నరికారు. చవదార్ తర్వాత 58 ఏళ్ళకు కూడా నీళ్ళ దగ్గరే మన ప్రాణం పోయింది.

కాబట్టి యంత్రాన్ని తిట్టే మేధావులతో మేం కలవం. నడకే పవిత్రం, కష్టమే భక్తి అని వాళ్ళంటారు. ఎవరి కష్టం? శబరిమలలో ఒక మనిషిని డోలీలో కూర్చోబెట్టి నలుగురు మనుషులు మోస్తారు. కూర్చున్నవాడిది భక్తి, మోసేవాళ్ళది కూలి. యంత్రం వద్దు, చేతిపనే ముద్దు అన్న గాంధీ వాదాన్ని అంబేడ్కర్ 1945లో వచ్చిన పుస్తకంలో చీల్చి చెండాడారు. యంత్రం మనిషికి తీరికనిస్తుంది, తీరిక లేని మనిషి బతుకు పశువు బతుకే అన్నది ఆయన వాదం. తరతరాలుగా మోసినవాళ్ళం మనం. మోత తగ్గించే యంత్రం మనకు శత్రువు కాదు.

అట్లాగని రోప్‌వే వచ్చింది, కులం పోయింది అనే అభివృద్ధి పాటా మేం పాడం. తీగ కులం అడగదు, నిజమే. టికెట్ కిటికీ పైసలడుగుతుంది. మన దేశంలో పైస ఎవరి దగ్గరుందో చెప్పనక్కరలేదు. ఇంకో సంగతి. సరదాగా చూసే కొండకు నాలుగు నిమిషాల తీగ ఉంది. మన విశాఖ మన్యంలో రోడ్డు లేని గూడెం నుంచి నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇప్పటికీ కర్రకు కట్టిన డోలీలో మోసుకొస్తున్నారు. యంత్రం ఉంది. ఎవరి కొండకు ముందు పెట్టాలన్నది ఎవరు తేలుస్తున్నారు? మన పోరాటం అక్కడ.

మెట్ల మీద పోయినవాళ్ళు ఇంకో లెక్క తెచ్చారు. దారి పక్కన గుడిసె వేసుకుని మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు అమ్మే ఒక అక్క, "రోప్‌వే నా నెత్తి మీద నుంచి పోతది, అండ్ల ఉన్నోళ్ళకు నా మజ్జిగ కనబడది" అని చెప్పుకుందట. మావాళ్ళకు వచ్చిన మరాఠీ ముక్కలతో అర్థమైంది అదే. అందుకని పైన అందరం కలిశాక హోటలుకు పోలేదు. కోట మీద ఒకరి ఇంట్లో వండిపెట్టిన జొన్నరొట్టె, పిఠ్లా తిన్నాం. ఇట్లాంటి బేరాలు చేసుకునేవాళ్ళకు రోప్‌వే స్టేషన్లోనే చోటు ఇవ్వొచ్చు. అది దానం కాదు. ఆ కొండ మీద బతికినవాళ్ళ హక్కు.

ఇక గైడు. మాట బాగా చెప్పాడు. ఇదిగో సింహాసనం చోటు, ఇదిగో బజారు, ఇదిగో నేరస్తుల్ని తోసే టకమక్ కొన అన్నాడు. 1674 జూన్ 6న పట్టాభిషేకం జరిగిందన్నాడు. కానీ శివాజీ క్షత్రియుడు కాడని ఇక్కడి బ్రాహ్మణులు అడ్డం పడితే కాశీ నుంచి గాగాభట్టును రప్పించాల్సి వచ్చిందని చెప్పలేదు. కోటల చుట్టూ అడవిని, దారులను రాత్రింబవళ్ళు కాసింది మహార్లు, మాంగులు, రామోషీలు, బేరడ్లు. వాళ్ళ పేరెత్తలేదు. 1869లో శివాజీని రైతుల రాజుగా పవాడా కట్టి పాడిన జోతిబా ఫూలే పేరు రాలేదు. ఆ సమాధిని వెతికి శుభ్రం చేసింది ఫూలేనే అని సత్యశోధకులు చెప్పుకుంటారు. అంబేడ్కర్ ఈ కొండ ఎక్కిన సంగతి మేమే గైడుకు చెప్పాల్సి వచ్చింది.

జగదీశ్వర గుడి దగ్గర ఒక మెట్టు మీద కోట కట్టించిన హిరోజీ ఇందుల్కర్ పేరు చెక్కి ఉంది. రాజుకు సింహాసనం, మేస్త్రీకి ఒక మెట్టు. మరి రాళ్ళు మోసినవాళ్ళకు? వాళ్ళకు అక్షరం ఎవరు నేర్పనిచ్చారు గనక!

2025 జూలైలో యునెస్కో 12 మరాఠా కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో రాయగఢ్ ఒకటి. ఇంకా జనం వస్తారు, ఇంకా బోర్డులు లేస్తాయి. ఆ బోర్డుల మీద కావలి కాసినవాళ్ళు ఉండాలి. చవదార్ చెరువుకు దారి చూపే బాణం గుర్తు ఉండాలి. డబ్బా ఎక్కి దిగి ఫొటోలు తీసుకుని పోయేవాళ్ళలో ఎంతమంది ఆ చెరువు దగ్గర బండి ఆపుతున్నారు? కోట వారసత్వమైతే, నీళ్ళ కోసం పగిలిన తలలు వారసత్వం కావా?

ముందు ముందు పోయే జట్లకు మా మాట ఇది. ముందు చెరువు, తర్వాతే కొండ. నడవగలిగినవాళ్ళు మెట్లు ఎక్కండి, దారిలో మజ్జిగ కొనండి. నడవలేనివాళ్ళకు చందాలో నుంచే టికెట్టు కొనండి. దానికి సిగ్గుపడొద్దు, దాచొద్దు, లెక్కలో రాయండి. గైడు మీద ఆధారపడకండి. పోయేముందు వాడలో నాలుగు రాత్రులు కూర్చుని మహద్ కథ, ఫూలే కథ చదివించుకోండి. మన గైడు మన జట్టులోనే ఉండాలి.

ఇంత చెప్పినాక పెద్దనాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెద్దవ్వ వైపు తిరిగి "ఏం కనబడ్డదే పైనుంచి?" అని అడిగిండు.

"మెట్లు కనబడ్డయి. మనోళ్ళు ఎక్కుతుండిరి" అన్నది ఆమె.

ఖర్చుల కాగితం మీద ఆ రాత్రే వాడంతా సంతకాలు పెట్టింది.

జై భీమ్.