గృహిణీ వ్యవహారము: ఎల్లలు చూచి సంతకము

గడచిన మాసమున పూచీకత్తు పత్రములను గూర్చి మేము వ్రాసినది చదివి, మా వీధిలోని యొక సోదరి కాగితముల కట్టతో మా యింటికి వచ్చినది. ఆమె భర్తగారు పేరుమోసిన యొక భోజనశాలల కంపెనీ వద్ద ఫ్రాంచైజీ తీసికొన నిశ్చయించుకొనిరి. ప్రవేశ రుసుమునకై ఆమె నగలు తాకట్టు పెట్టవలసియున్నది. "అక్కయ్యగారూ, మన పట్టణమంతయు మాకే వ్రాసి యిచ్చినారట. మీరొకసారి చూచి బాగున్నదన్నచో రేపే బ్యాంకునకు పోయెదము" అని యామె యనెను.

ఫ్రాంచైజీ యనగా, కంపెనీ తన పేరును, బోర్డును, వంట పద్ధతిని వాడుకొననిచ్చుట. అందులకు ప్రతిగా దుకాణము పెట్టువారు ప్రవేశ రుసుమును, ఆపైన నెలనెలా అమ్మకములో కొంత భాగమును చెల్లింతురు. లాభము వచ్చినను రాకున్నను ఆ భాగము చెల్లింపవలసినదే. అదే పేరుతో మరియొక దుకాణము చెంతనే వెలసినచో బేరము తగ్గునది మనకు. కంపెనీకి మాత్రము రెండుచోట్లనుండియు భాగము వచ్చును. కనుకనే ఇంత ప్రదేశములో మరియొకరికి ఇయ్యమను షరతును ముందుగా వ్రాయించుకొందురు.

మేమా పత్రమును తుదివరకు చదివితిమి. పట్టణము వారిదేయని మూడవ పుటలో నున్నమాట నిజమే. కాని పదునొకండవ పుటలో మినహాయింపులున్నవి. రైలు స్టేషను, బస్టాండు, ఆసుపత్రులు, కళాశాలల ఆవరణలు, మాల్‌లు ఆ హక్కులో చేరవు. ఫోనులోని యాప్‌ల ద్వారా వచ్చు ఆర్డర్లు చేరవు. కంపెనీ వేరొక పేరుతో పెట్టు భోజనశాలలు చేరవు. మా వారు బడికై గీయించిన పట్టణపు పటమును తీసి, మినహాయించిన చోట్లనెల్ల ఎఱ్ఱ పెన్సిలుతో గుర్తించితిమి. ఆకలిగొన్న జనము చేరు తావులన్నియు ఎఱ్ఱనైనవి. మిగిలినవి మా పాత వీధులు, గుడి, రెండు తోటలు. ఆ సోదరి ఆ పటమును చూచి చాలసేపు మాటాడలేదు.

హిరణ్యకశిపుడు పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని చావు వలదని వరము కోరెను. ఆ కోరికలో సంధ్యవేళయు గడపయు మిగిలిపోయినవి. ఆ దుష్టునితో ఈ దంపతులను పోల్చుట మా యుద్దేశము కాదు. మాటలలోని సందులను చూపుటయే. పట్టణము నడుమ నుండియు పట్టణములో చేరని బస్టాండు అట్టి గడపయే కదా!

ఇట్టివి న్యాయస్థానములకును ఎక్కినవి. అమెరికాలోని మొంటానా రాష్ట్రమున, గ్రేట్ ఫాల్స్ పట్టణములో ఒక వ్యాపారి బర్గర్ కింగ్ దుకాణములు నడుపుచుండెను. చెంతనున్న మాల్మ్‌స్ట్రామ్ వైమానిక స్థావరములో అదే పేరుతో మరియొకటి తెరువబడగా, తన బేరము దెబ్బతిన్నదని యాతడు వాదించెను. చుట్టుప్రక్కల ప్రదేశముపై ఏ హక్కును లేదని అతని ఒప్పందములోనే యుండుటచే, 1999లో అప్పీలు న్యాయస్థానము కంపెనీ పక్షమున తీర్పు చెప్పెను. అంతకుముందు 1991లో ఫ్లోరిడాలోని జిల్లా న్యాయస్థానము, ప్రత్యేక హక్కు లేనంతమాత్రమున పాతవారికి కలుగు నష్టమును చూడక ఎక్కడనైన తెరచు స్వేచ్ఛ కంపెనీకి కలుగదని భావించినది. 1999 నాటి తీర్పు ఆ మార్గమును అంగీకరింపలేదు.

ఆ దేశమున 2008 నుండి తప్పనిసరియైన నిబంధన యొకటి కలదు. ప్రత్యేక ప్రదేశము ఇయ్యని కంపెనీ, ఆ సంగతిని సంతకమునకు కనీసము 14 దినములు ముందుగా ఇచ్చు పత్రములో తేటగా చెప్పవలెను. మన దేశమున ఫ్రాంచైజీలకై వేరుగా చట్టము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము వంటి సామాన్య చట్టములే ఆధారము. కావున మనము వ్రాయించుకొన్న వ్రాతయే మనకు రక్ష.

నేలపై గీచిన గీతకు కాలపు గీతయు నుండును. మెక్‌డొనాల్డ్స్ 1996లో మన దేశమునకు వచ్చినప్పుడు ఉత్తర, తూర్పు భాగములను ఒక భాగస్వామితోను, పశ్చిమ, దక్షిణ భాగములను మరియొకరితోను నడిపెను. మన రెండు తెలుగు రాష్ట్రములు దక్షిణపు వంతులోనివి. 2017లో ఉత్తర, తూర్పు భాగములలోని 169 దుకాణముల ఒప్పందమును కంపెనీ రద్దుచేయగా, ఆ వివాదము 2019లో రాజీతో ముగిసినది. అంతటివారి ఎల్లలే చెదరినప్పుడు, మన ఎల్ల ఎన్నేండ్లుండునో, ఏ కారణమున పోవునో ముందే అడుగవలదా?

కావున సోదరీమణులారా, మీ యింట ఇట్టి పత్రము వచ్చినచో ముందు మినహాయింపుల పుటను తెరువుడు. ఎల్లను మాటలతో గాక పటముపై గీయించి పత్రమునకు జతచేయింపుడు. ఆ ఎల్లలో కంపెనీ తానైనను పెట్టరాదని యున్నదా? ఇంటికి పంపు ఆర్డర్లు ఎవరి వంటశాలకు పోవును? అమ్మకము తగ్గినచో ఎల్లను కుదించు అధికారము వారికి కలదా? ఈ మూటికిని వ్రాతలో జవాబు లేనిదే సంతకము వలదు.

ఆ సోదరి మరునాడు భర్తగారితో కంపెనీవారి కడకు స్వయముగా వెళ్లినది. "నగలు నావి గనుక అడుగునది నేనే" యన్నదట. వారు బస్టాండును కలుపుటకు ఒప్పుకొనిరి. యాప్ ఆర్డర్ల విషయమున ఒప్పుకొనలేదు. ఆ దంపతులింకను ఆలోచించుచున్నారు. వ్యాపారము వలదని మేమనలేదు. నగలు మాత్రము నేటికిని పెట్టెలోనే యున్నవి.